ఉప్పునీళ్ల ట్యాంకులో పాచి: నత్తలు, జీఎఫ్ఓ, స్క్రబ్బర్, టాబ్లెట్... ఎవరికి ఏది పనికొస్తది

ఇంట్ల ఉప్పునీళ్ల ట్యాంకు, అంటే సముద్రపు చేపలు, కోరల్స్ (పగడాలు) పెంచే అక్వేరియం, పెట్టుకున్నోళ్లందరికీ ఉండే గోస పాచి. పోయిన నెల కాజీపేట నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, ట్యాంకు మొత్తం పాచి పట్టింది, జీఎఫ్ఓ కొనాల్నా, స్క్రబ్బర్ పెట్టాల్నా, లేకుంటే టాబ్లెట్ వేసి ఖతం చేయాల్నా, ఏదో ఒకటి చెప్పు, పైసలు రెడీ ఉన్నయ్" అన్నడు. జీఎఫ్ఓ, స్క్రబ్బర్ అంటే ఏందో కింద చెప్త. ఏ పాచి రా అంటే పచ్చగుంది అన్నడు. పచ్చగనే అంటే భద్రకాళి చెరువు కూడా పచ్చగనే ఉంటది, జర దగ్గరికి పోయి చూసి చెప్పు అన్న.

ఈ హాబీల పైసలు ఎక్కువ పోయేది ఇక్కడనే. పాచిని చూడకముందే మందు కొంటం. పాచిల హెయిర్ ఆల్గే, డైనో, సయానో అని రకాలుంటయ్. హెయిర్ ఆల్గేకి పనిచేసేది డైనోలకు ఇస్తే అవి ఇంకింత పెరుగుతయ్, సయానోకి ఇచ్చేది హెయిర్ ఆల్గేకి నీళ్లు చల్లినట్టే. అందుకే ఏది బెస్టు అని అడిగేటోళ్లకు నేను ముందు ఒక పని చెప్తున్న: ఒక చిన్న పోగు పీకి తెల్ల గిన్నెల వేసి చూడుండ్రి.

నీళ్ల నుంచి బయటికి తీయంగనే తడి దూది లెక్క మెత్తగ ముద్దైపోయి వేళ్లకు అంటుకుంటే అది మామూలు హెయిర్ ఆల్గే. పోగు పోగుకు నడుమ ఒక కాడ, రెండు పక్కల చిన్న చిన్న ఈనెలు, కోడి ఈక లెక్క కనబడితే బ్రయోప్సిస్. పచ్చ గోలీల లెక్క గట్టిగ మెరుస్తుంటే బబుల్ ఆల్గే. ముదురు ఎరుపు రంగు పొర, చాప లెక్క మొత్తానికి మొత్తం లేచొస్తే సయానో, అది అసలు ఆల్గేనే కాదు, బాక్టీరియా. ఇగ గోధుమ రంగు చీమిడి లెక్క తీగలు తీగలుగ సాగుతూ, కొసలకు గాలి బుడగలు పట్టుకొని, పొద్దుగాల తక్కువ, లైట్ పెట్టిన నాలుగు గంటలకు ఎక్కువ కనబడితే డైనోఫ్లాజెలేట్స్, అంటే డైనోలు, అని అనుమానపడాలె. కొత్త ట్యాంకుల మొదటి రెండు మూడు నెలల్ల ఇసుక మీద గోధుమ పొడి రాలినట్టు ఉంటే అది డయాటమ్స్. దానికి ఏం కొనకుండ్రి, సిలికేట్ అయిపోంగనే అదే పోతది.

డైనోనా సయానోనా తెలుస్తలేదంటే ఇంట్లనే ఒక టెస్ట్ ఉంది. ఆ జిగురును కొంచెం ట్యాంకు నీళ్లతోనే చిన్న సీసాల తీస్కొని గట్టిగ గిలక్కొట్టాలె, కాఫీ ఫిల్టర్ పేపర్ ఉంటే దాంతోని, లేకుంటే టిష్యూ పేపర్ రెండు మడతలేసి వడకట్టాలె. కిందికి దిగిన నీళ్లను లైట్ కింద ఒక గంట పెట్టుండ్రి. తేటగున్న నీళ్లల్ల మళ్ల తీగలు తీగలు కూడుకుంటే డైనోలు. నా సీసాల నలభై నిమిషాలకే సాలెగూడు లెక్క తేలింది, ఆ రోజు నాకు తిండి సైసలేదు.

ఇగ కొనే ముందు ఇంకో ముచ్చట. మన దగ్గర సముద్రం లేదు, ఉప్పు ప్యాకెట్ల వస్తది, నీళ్లు మాత్రం మనవే. ఏప్రిల్, మే నెలల్ల వరంగల్ల 42, 43 డిగ్రీలు, నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొనలేనోళ్లందరం ట్యాంకు మీద ఫ్యాన్లు పెడ్తం. నా మూడు ఫీట్ల ట్యాంకుల రాళ్లు పోంగ 150 లీటర్ల నీళ్లుంటయ్, ఎండాకాలంల రోజుకు ఐదు లీటర్లు ఆవిరైపోతయ్. ఆవిరయ్యేది ఉత్త నీళ్లే, ఉప్పు లోపలనే ఉంటది, కాబట్టి మళ్ల పోసేది కూడా ఉత్త నీళ్లే ఉండాలె. నేనేం చేసిన? ప్లాంట్ వాటర్ క్యాన్ పోసిన, ఆర్వో వాటరే కదా అని. మీటర్ పెట్టి చూస్తే టీడీఎస్, అంటే నీళ్లల్ల కరిగిన సరుకు లెక్క, 60. లీటరుకు 60 మిల్లీగ్రాములంటే నెలకు 150 లీటర్లల్ల 9 గ్రాముల సరుకు ట్యాంకుల పోసినట్టు. పాచికి తిండి అయ్యే ఫాస్ఫేట్ అందులో ఎంత, సిలికేట్ ఎంత, నైట్రేట్ ఎంత ఆ మీటర్ చెప్పదు, ఎంతున్నా అది ఆవిరితోని బయటికి పోదు.

ఇంటి ప్యూరిఫయర్ ఇంకా మోసం. తాగే నీళ్లకు రుచి రావాలని అండ్ల టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న స్క్రూ పెడ్తరు, అది పచ్చి నీళ్లను కొంచెం ఆర్వో నీళ్లల్ల కలుపుతది. మినరల్ కాట్రిడ్జ్ ఉంటే అది మళ్ల ఖనిజాలు కలుపుతది. కాపర్ అని గొప్పగ రాసి ఉన్న ప్యూరిఫయర్ నీళ్లైతే ట్యాంకు దరిదాపులకు కూడా తేకుండ్రి, రాగి మనకు మంచిదేమో గని నత్తలకు, రొయ్యలకు, కోరల్స్‌కు విషం. ప్యూరిఫయర్ల ఆర్వో మెంబ్రేన్ నుంచి వచ్చే పైపుకే ఒక టీ జాయింట్ పెట్టి, కాట్రిడ్జ్‌లకు పోకముందే నీళ్లు తీస్కొని, మిగిలిన ఖనిజాలను పట్టుకునే డీఐ రెజిన్ గొట్టంల నుంచి పంపితే మీటర్‌ల 0 వస్తది. బోరు నీళ్లైతే టీడీఎస్ ఎక్కువ, రెజిన్ జల్ది అరుగుతది, నల్లా నీళ్లు పట్టుకునేటోళ్లకు ఎక్కువ రోజులొస్తది. పాచి మీద మొదటి ఖర్చు దేని మీద పెట్టాలె అంటే నేను రెజిన్ మీదనే అంట, కళ్లకు కనబడే మార్పు మాత్రం రెండు నెలల దాక రాదు.

చేపలకు తిండి ఎక్కువేస్తే పాచి పెరుగుతదన్న సంగతి అందరికీ తెలిసిందే, చెప్తే చాదస్తం. మా ఇంట్ల మాత్రం నేను డ్యూటీకి పోంగనే మా అమ్మ "పాపం అద్దం కాడికొచ్చి చూస్తున్నయ్ రా" అని ఇంకో చిటికెడు వేస్తుండె. డబ్బా బీరువాల పెట్టిన తర్వాత నైట్రేట్ సగానికి దిగింది. అమ్మకు ఇంకా కోపం పోలే.

సరే, ఇప్పుడు అసలు పోలికకు వద్దాం. తమ్ముడు పంపిన ఫోటోల ఉన్నది మామూలు హెయిర్ ఆల్గే, అదే అందరి ఇంట్ల ఉండేది, కాబట్టి దాన్నుంచే మొదలుపెడ్త.

అన్నిటికంటే చవుక చెయ్యి, టూత్‌బ్రష్, ఒక సన్న పైపు. పైపుకు బ్రష్‌ను రబ్బరు బ్యాండ్లతోని కట్టుండ్రి, గీకుతుంటేనే గీకింది బయటికి గుంజుకపోవాలె. ఊరికె గీకి వదిలేస్తే ఆ తునకలు పోయి ఇంకో నాలుగు రాళ్ల మీద కూసుంటయ్. బకెట్ మీద ఫిల్టర్ సాక్ (వడకట్టే సంచి) పెడితే నీళ్లు మళ్ల వాడుకోవచ్చు, ఉప్పు ప్యాకెట్ ధర చూసినోళ్లకు ఇది చెప్పనక్కరలేదు. వారానికి ఒక గంట. బోరు కొట్టే పనే, గని ట్యాంకుల నుంచి ఫాస్ఫేట్‌ను ఆ పాచి రూపంల చేతితోని పట్టి బయట పడేస్తున్నట్టు లెక్క, ఏ మందు కూడా అది చెయ్యదు. మందుతోని చచ్చిన పాచి అక్కడనే కుళ్లి తిన్నదంతా మళ్ల నీళ్లల్ల కక్కుతది.

నత్తల మీద మనోళ్లకు ఆశ ఎక్కువ. ట్రోకస్, టర్బో, ఆస్ట్రియా ఇవి మంచి పనిమంతులే, కాకపోతే అవి తినేది పొట్టి గడ్డి. బెత్తెడు పొడుగు పెరిగిన అడవిల ఇడిస్తే పక్కనుంచి పోయి అద్దం నాకుతయ్. ముందు మనం కోసి పెట్టాలె, తర్వాత అవి మళ్ల లేవకుండ చూస్కుంటయ్. టర్బోలు బుల్డోజర్లు, అతికించని కోరల్ ముక్కల్ని పడగొడ్తయ్. ట్రోకస్ బోర్లా పడితే తనంతట తానే తిరుగుతది, ఆస్ట్రియాకు చాతకాదు, రోజు పొద్దుగాల లేచి తిప్పాలె. హెర్మిట్ క్రాబులు, అంటే నత్తగుల్లలల్ల ఉండే పీతలు, చవుక అని తెచ్చుకుంటరు, అవి గుల్ల కోసం నత్తలనే చంపుతయ్, నేనైతే పెట్టను. చెన్నై నుంచి పార్సిల్‌ల వచ్చిన నత్తల్ని డబ్బా తీయంగనే ట్యాంకుల వేస్తే చస్తయ్, ఉప్పు సాంద్రత మార్పు చేపల కంటే వీటికే ఎక్కువ దెబ్బ, గంటన్నర రెండు గంటలు చుక్క చుక్క పోసి అలవాటు చేయాలె.

సీ హేర్ అని ఒకటుంది, అదీ నత్తల జాతిదే, హెయిర్ ఆల్గేను మేక లెక్క మేస్తది. తెచ్చుకున్న రెండు మూడు వారాలకు ట్యాంకు నున్నగ అయితది, ఆ తర్వాత అది ఆకలికి చస్తది. హైదరాబాద్‌ల అయితే ఒకరి ట్యాంకు అయిపోంగనే ఇంకొకరికి ఇస్తరు, మన దగ్గర ఉప్పునీళ్ల ట్యాంకులోళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందిమి, ఎవరికిస్తం? పాచి తినే చేపలు ట్యాంగ్, ఫాక్స్‌ఫేస్ గురించి అడుగుతరు, మూడు ఫీట్ల ట్యాంకుకు రెండూ వద్దు. ఫాక్స్‌ఫేస్ ముళ్లు విషం, గుచ్చుకుంటే తేలు కుట్టినట్టే ఉంటదట. లాన్‌మోవర్ బ్లెన్నీ ఈ సైజుకు సరిపోతది, ముఖం చూస్తే నవ్వొస్తది, గని అది పొడుగు పోగుల కంటే రాళ్ల మీది సన్న పొరనే ఎక్కువ గీకుతది.

ఒక మాట మధ్యల. హార్డ్ కోరల్స్ మన దేశంల వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 షెడ్యూల్ 1 లో ఉన్నయ్, సముద్రం నుంచి తీసింది కొనుడు అమ్ముడు రెండూ నేరమే. సీ కుకుంబర్లు కూడా షెడ్యూల్లనే ఉన్నయ్, ఇసుక శుభ్రం చేస్తదని ఎవరన్నా అమ్మజూపితే తీస్కోకుండ్రి. నా ట్యాంకుల ఉన్నవి జోయాంథిడ్స్, మష్రూమ్స్, ఒక లెదర్, అన్నీ మెత్త రకాలే. ఇవి కొంచెం ఫాస్ఫేట్ ఉన్నా మంచిగనే బతుకుతయ్, కాబట్టి సున్నా సున్నా అని పరుగెత్తే పనిలేదు.

ఇగ జీఎఫ్ఓ, రెఫ్యూజియం, స్క్రబ్బర్. మూడు చేసే పని ఒక్కటే, నీళ్లల్ల పాచికి తిండి లేకుండ చేసుడు. తేడా ఎంత స్పీడుగ చేస్తయ్, చేస్తూ చేస్తూ మనల్ని ఎంత ఇబ్బంది పెడ్తయ్ అన్నదాంట్లనే.

జీఎఫ్ఓ అంటే ఐరన్ ఆక్సైడ్ గుళికలు, చూస్తానికి ఇటుక పొడి లెక్క, ఫాస్ఫేట్‌ను పట్టుకుంటది, నైట్రేట్‌ను ముట్టదు. స్పీడు మస్తు. ఆ స్పీడే నన్ను ముంచింది. నా ఫాస్ఫేట్ 0.25 పీపీఎం (ఒక పీపీఎం అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము) ఉండె, డబ్బా మీద రాసినంత తీసి, నీళ్లు లోపలి నుంచి పారే గొట్టం లాంటి రియాక్టర్‌ల పోసిన, వారం తిరగకముందే టెస్ట్ సున్నా చూపించింది. పాచి తెల్లబడుతుంటే దావత్ చేసుకున్నంత సంబురం. ఇరవై రోజులకు ఇసుక మీద ఆ గోధుమ చీమిడి మొదలైంది, ఇందాక చెప్పిన సీసా టెస్ట్ చేసింది అప్పుడే. నైట్రేట్, ఫాస్ఫేట్ ఈ రెండిట్ల ఏది అడుగంటినా వేరే పాచి చచ్చి జాగా ఖాళీ అయితది, ఆ ఖాళీ జాగల డైనోలు కూసుంటయ్. వాటిల కొన్ని జాతులు విషం, మేసిన నత్తలు చస్తయ్, నావి ఏడు పోయినయ్. హెయిర్ ఆల్గే ఉన్న ట్యాంకు చూస్తానికి గలీజు ఉంటది గంతే, డైనోల ట్యాంకు నరకం. కాబట్టి జీఎఫ్ఓ పెట్టేటోళ్లు డబ్బా మీద రాసిన దాంట్ల పావు వంతుతోని మొదలుపెట్టి, రెండు రోజులకొకసారి చూస్కుంటూ, 0.05 దగ్గరికి రాంగనే బంద్ చేయాలె. హన్నా అల్ట్రా లో ఫాస్ఫరస్ చెకర్ అనే చిన్న మీటర్ ఉంటేనే ఈ ఆట ఆడుండ్రి. అది పీపీబీల (పీపీఎంల వెయ్యో వంతు) ఫాస్ఫరస్ చూపిస్తది, దాన్ని 3.066 తోని గుణించి 1000 తోని భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం వస్తది. రంగు చూసి పోల్చే కిట్లల్ల ఆ కింది నంబర్లు కంటికి ఆనవు. ఇంకోటి, ట్యాంకు నిండ పాచి ఉండంగ టెస్ట్‌ల సున్నా వస్తే నమ్మకుండ్రి, ఫాస్ఫేట్ లేక కాదు, వచ్చింది వచ్చినట్టు పాచే తింటుంది.

రెఫ్యూజియం అంటే ట్యాంకు కింద పెట్టే ఇంకో చిన్న ట్యాంకుల, దాన్నే సంపు అంటరు, ఒక అరల కీటోమార్ఫా అనే పనికొచ్చే పాచిని పెంచుడు, మనోళ్లు కీటో అంటరు, స్టీలు పీచు లెక్క ఉంటది. పై ట్యాంకు లైటు బంద్ అయినప్పుడు దీని లైటు పెడ్తే రాత్రిపూట పీహెచ్ పడిపోకుండ కూడా ఆసరా అయితది. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ తింటది, మెల్లగ తింటది, ఆ మెల్లగనే దాని గొప్ప. ఒక పిడికెడు తెచ్చి వేస్తే, లైటు మంచిగ ఉంటే, నెలన్నరకు సగం బకెట్ కోయొచ్చు. సంపు లేనోళ్లకు కష్టం. తిండి మరీ తక్కువైతే అది తెల్లబడి విరిగి ముక్కలై పంపుల ఇరుక్కుంటది, అప్పుడు రెండు రోజులు ఏరుతనే ఉండాలె.

స్క్రబ్బర్ అదే పని ఇంకింత గట్టిగ చేస్తది. దీన్ని 1980ల్ల స్మిత్సోనియన్ల వాల్టర్ ఏడీ అనే సైంటిస్టు పెద్ద రీఫ్ ట్యాంకుల మీద వాడి పేరు తెచ్చిండు. ముచ్చట సింపుల్, గరుకు చేసిన ప్లాస్టిక్ జాలీ మీద నీళ్లు పలచటి పొరగ కారుతుంటయ్, దానికి ట్యాంకు కంటే బలమైన లైటు కొడ్తది, పాచి ట్యాంకుల కాకుండ జాలీ మీద పెరుగుతది, వారం పది రోజులకొకసారి తీసి సింకుల గీకి మళ్ల పెట్టుడే. ఎంబ్రాయిడరీ ప్లాస్టిక్ జాలీ, పీవీసీ పైపుకు ఒక చీలిక, ఎరుపు రంగు గ్రో లైటు, ఇంట్లనే చేయొచ్చు. ఒక చిక్కుంది. కరెంటు పోయి పంపు ఆగితే జాలీ ఎండిపోతది, ఎండాకాలం మధ్యాహ్నం గంట రెండు గంటలు పోయిందంటే వారం పెరిగింది చస్తది. రెఫ్యూజియంల కీటో నీళ్లల్లనే మునిగి ఉంటది కాబట్టి దానికి ఆ భయం లేదు. సంపు నుంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపు ఇన్వర్టర్ మీద ఉన్నోళ్లు స్క్రబ్బర్ పెట్టుకోండ్రి, లేనోళ్లు కీటోకే పోండ్రి, నా సలహా గింతే. జాలీ గీకినప్పుడు వాసన కూడా వస్తది, వంటింటి సింకుల గీకితే ఇంట్ల లొల్లి.

వోడ్కా, వెనిగర్ పోసి బాక్టీరియాను పెంచే పద్ధతి ఒకటుంది. పనిచేస్తది, గని దానికి నురగతోని మురికి తీసే మంచి స్కిమ్మర్ కావాలె, డోసు జర ఎక్కువైతే బాక్టీరియా ఆక్సిజన్ మొత్తం గుంజుకుంటది. వేడి నీళ్లల్ల ఆక్సిజన్ ముందే తక్కువ. మే నెలల కరెంటు పోయే ఇంట్ల ఇది వద్దనే అంట.

మందులకొస్తే, బ్రయోప్సిస్ ఒక్కదానికి మాత్రం నేను తిప్పలు పడకుండ తమ్ముడు అడిగిన టాబ్లెట్, ఫంగస్ మందు ఫ్లూకోనజోల్‌కే పోమంట. నత్తలు దాన్ని పెద్దగ తినవు, పీకితే కాడ మిగిలి మళ్ల లేస్తది. సాధారణంగ చెప్పే డోసు గ్యాలన్‌కు 20 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు సుమారు 5. నా 150 లీటర్లకు 750, 150 మిల్లీగ్రాముల టాబ్లెట్లు ఐదు. మనుషులకిచ్చే మందే, మెడికల్ షాపుల చీటీ అడుగుతరు, టాబ్లెట్ల పిండి పదార్థం కూడా కలిసి ఉంటది కాబట్టి ఒట్టి పౌడర్ దొరికితే అదే మంచిది. ఫిల్టర్ల ఉన్న కార్బన్ (బొగ్గు) తీసేసి, స్కిమ్మర్ కప్పు తీసి గాలికి మాత్రం నడిపిస్తూ, రెండు వారాలు ఓపిక పట్టాలె. మొదటి వారం ఏం కాదు, మోసపోయినమా అనిపిస్తది, పదో రోజు దాక రంగు మారదు. చచ్చేది మొదలైనంక గుంజి తీసెయ్యాలె, తర్వాత నాలుగో వంతు నీళ్లు మార్చి కార్బన్ పెట్టాలె. కొన్ని హెయిర్ ఆల్గేలు కూడా దీనికి చస్తయ్, కాబట్టి అందరూ దీన్నే ముందు వేస్తరు. నీళ్లు, తిండి సరి చేయకుండ వేస్తే మూడు నెలలకు అదే సినిమా మళ్ల ఆడ్తది. కీటో ఉన్నోళ్లు అది కూడా దెబ్బ తినొచ్చని గుర్తుంచుకొని కొంచెం బకెట్‌ల దాచుకోండ్రి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ రాయిని బయటికి తీసి చుక్కలు వేస్తానికి మంచిది, నురగ వస్తది, రెండు మూడు రోజులకు అక్కడి పాచి తెల్లబడ్తది. ఇక్కడ ఒక్కటి చూస్కోండ్రి, బయటి దేశపోళ్లు చెప్పే లెక్కలన్నీ 3 శాతం సీసాకు, మన మెడికల్ షాపుల దొరికేది ఎక్కువగ 6 శాతం, సీసా మీద చదివి సగానికి సగం నీళ్లు కలపాలె. నేరుగ ట్యాంకుల పోస్తే క్లీనర్ ష్రింప్ లాంటియి తట్టుకోలేవు.

బబుల్ ఆల్గేకు దాన్ని తినే పీత ఎమరాల్డ్ క్రాబ్ లేదా చేతితోని ఏరుడు. పగిలితే గింజలు చల్లినట్టు పెరుగుతదని ఒకరు, అట్లేం కాదని ఇంకొకరు ఎన్నేండ్ల సంది కొట్లాడుతున్నరు, నేనైతే పైపు పక్కన పెట్టుకొని పీకుత, పగిలినా గుంజుకపోతది. సయానోకు ముందు గుంజి తీయుడు, ఆ మూలకు నీళ్ల ఫ్లో పెంచుడు, అప్పటికీ పోకుంటే మూడు రోజులు ట్యాంకుకు దుప్పటి కప్పి చీకటి పెట్టుడు, గాలి రాయి మాత్రం నడవాలె. ఎరిత్రోమైసిన్ లాంటి యాంటిబయాటిక్ మీద పోవుడు చివరిది, మన మంచి బాక్టీరియాకు కూడా అది మందే కదా.

డైనోలకు అన్నీ ఉల్టా. నీళ్లు మార్చుడు బంద్, జీఎఫ్ఓ బంద్, తిండి కొంచెం పెంచుడు, నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 నడుమ నిలబెట్టుడు. డైనోలల్ల ఆస్ట్రియోప్సిస్ లాంటి జాతులు రాత్రి ఇసుక ఇడిచి నీళ్లల్ల తేలుతయ్, వాటికి యూవీ లైటు మంచిగ పనిచేస్తది, పైసలు పెట్టొచ్చు. యాంఫిడినియం అనే జాతి ఇసుకలనే పండుకుంటది, దానికి యూవీ కొనుడు దండగ, సిలికేట్ చుక్కలు వేసి డయాటమ్స్‌ను పెంచి వాటితోని నెట్టిపిస్తరు. ఏదో తెలవాలంటే మైక్రోస్కోప్ కావాలె, నేను మా చెల్లె బిడ్డ స్కూలు ప్రాజెక్టు కోసం కొన్న బొమ్మ మైక్రోస్కోప్‌ల చూసిన, 400 పవర్‌ల గింజల లెక్క గుండ్రంగ ఒకే చోట దారం కట్టినట్టు తిరుగుతున్నయ్, ఆస్ట్రియోప్సిసే. యూవీ పెట్టిన ఆరు వారాలకు పోయినయ్.

కాజీపేట తమ్ముడికి చివరికి ఏం చెప్పిన అంటే, జీఎఫ్ఓ వద్దు, టాబ్లెట్ వద్దు, ముందు ప్యూరిఫయర్ మూత తీయి అన్న. స్క్రూ పూర్తిగ తెరిచి ఉందట, బయటికొచ్చే నీళ్లు 110. మెంబ్రేన్ పైపు నుంచి నేరుగ పట్టి రెజిన్ పెట్టిండు, రెండు ఆదివారాలు బ్రష్ పట్టి గుంజిండు, ఎనిమిది ట్రోకస్ తెప్పిచ్చిండు. ఇన్వర్టర్ లేదు కాబట్టి స్క్రబ్బర్ ముచ్చట పక్కన పెట్టి నా దగ్గర కీటో ఒక పిడికెడు తీస్కపోయిండు, ఐస్‌క్రీం డబ్బాల, బండి మీద, ఒక చేత్తోని పట్టుకొని. నిన్న ఫోటో పంపిండు, రాళ్లు ఇంకా సగం పచ్చగనే ఉన్నయ్, కింద కీటో మాత్రం రెండింతలైంది.